విరిగిన ముందు పన్ను: వెనీరా, ఫైబరా?



ఖోఖో ఆడుతూ పడో, మెట్ల మీద జారో మీ బాబు ముందు పన్ను విరిగిందని స్కూల్ నుంచి ఫోన్ వస్తే, మీరు మొదట అడగాల్సిన మాట: “విరిగిన ముక్క దొరికిందా?” దొరికితే టిష్యూలో చుట్టనివ్వకండి, ఎండిపోతుంది. చిన్న డబ్బాలో నీళ్లో పాలో పోసి అందులో వేయమనండి. ముక్క సరిగ్గా కుదిరితే డెంటిస్ట్ దాన్నే తిరిగి అతికించగలరు. అంతకంటే బాగా రంగు కలిసే పదార్థం ఇంకేముంటుంది?

ముక్క దొరకకపోతే చాలామంది ఇళ్లలో వచ్చే ఆలోచన, వెనీర్ వేయించేద్దామని. వెనీర్ అంటే పంటి ముందువైపు అతికించే గోరంత పలుచని పొర. పింగాణీ వెనీర్ కోసం సాధారణంగా ఎనామెల్‌ను అర మిల్లీమీటరు వరకూ అరగదీయాలి. పోయిన ఎనామెల్ మళ్లీ రాదు. పైగా పదేళ్ల పిల్లల పంటిలో నరం ఉండే గది పెద్దది. చిగురు కూడా ఇంకా పైకి జరుగుతూ ఉంటుంది కాబట్టి ఇవాళ చక్కగా కుదిరిన అంచు కొన్నేళ్లకు బయటపడి కనిపిస్తుంది. అందుకే సుమారు 18 ఏళ్లు వచ్చేదాకా డెంటిస్టులు సాధారణంగా పింగాణీ జోలికి వెళ్లరు. అప్పటిదాకా పంటి రంగు కాంపోజిట్‌తో విరిగిన భాగాన్ని కట్టి, నీలి కాంతితో గట్టిపరుస్తారు.

కాంపోజిట్‌లో పగులు ఒకసారి మొదలైతే సులువుగా పాకిపోతుంది. ఫైబర్ పని ఇక్కడే. పూర్వం గోడ కట్టే మట్టిలో వరిగడ్డి కలిపి తొక్కేవారు, ఇప్పుడు స్లాబులో ఇనుప చువ్వలు వేస్తున్నాం. ఇదీ అంతే. గాజు పోగులతోనో పాలిథిలిన్ పోగులతోనో చేసిన సన్నని రిబ్బన్‌ను రెజిన్‌లో తడిపి కాంపోజిట్ లోపల పరుస్తారు. పొట్టి పోగులు ముందే కలిపిన కాంపోజిట్ కూడా ఉంది. పగులు పోగు దాకా వచ్చి ఆగుతుంది, లేదా దారి మళ్లుతుంది. పోగులు పైకి తేలితే గరుకుగా ఉండి రంగు పట్టేస్తాయి కాబట్టి పైన మామూలు కాంపోజిట్ పూత తప్పనిసరి.

చిన్న మూల చెక్కు లేచినంత మాత్రాన ఇదంతా అక్కర్లేదు. సగం పన్ను పోయినప్పుడు డెంటిస్ట్‌ను అడిగి చూడండి. ఒకటి మాత్రం గుర్తుంచుకోండి: ఫైబర్ కాంపోజిట్‌కు బలాన్నిస్తుంది గానీ, పంటికీ దానికీ మధ్య ఉన్న అతుకుకు కాదు. చెరకు ముక్కను ముందు పళ్లతో చీలిస్తే కట్టిన భాగం మొత్తంగా ఊడి చేతికి రావచ్చు. జంతికలు, చిక్కీలు ముక్కలు చేసి పక్క పళ్లతో నమలమనండి. గోళ్లు, పెన్ను మూతలు కొరికే అలవాటు ఉంటే ముందు అది మాన్పించాలి, లేకపోతే ఏ పదార్థమూ నిలవదు.

పన్ను విరక్కుండా కదిలిపోతే, పక్క పళ్లతో కలిపి కట్టడానికి కూడా కొందరు డెంటిస్టులు ఇదే ఫైబర్ రిబ్బన్ వాడతారు. ఇక పన్ను పూర్తిగా ఊడి వచ్చిందా? శాశ్వత పన్నయితే వేరును తాకకుండా పైభాగం పట్టుకుని, పాలలో వేసి అరగంటలోపు డెంటిస్ట్ దగ్గరికి చేర్చండి. పాల పన్నును మాత్రం తిరిగి పెట్టరు. పెడితే లోపల పెరుగుతున్న కొత్త పన్ను దెబ్బతింటుంది.