నెట్ ఉంది... దారే తెలీదు!

రాత్రి తొమ్మిదిన్నర. తెనాలిలో ఓ ఇల్లు. ఇంజినీరింగ్ కౌన్సెలింగ్‌కి వెబ్ ఆప్షన్లు పెట్టుకోవడానికి ఆ రాత్రే ఆఖరు. కంప్యూటర్ ముందు కూర్చున్న అమ్మాయికి ముచ్చెమటలు పడుతున్నాయి. కౌన్సెలింగ్ సైటు తెరుచుకోవడం లేదు. అదొక్కటేనా... గూగుల్ లేదు, యూట్యూబ్ లేదు. రౌటర్ మీద పచ్చలైట్లు మాత్రం నిక్షేపంగా వెలుగుతున్నాయి! నెట్ కనెక్షన్ ఇచ్చినవాళ్లకి నాన్న ఫోన్ చేస్తే ‘లైను బాగానే ఉందండీ’ అన్నారు. సెల్ డేటాతో కానిద్దామంటే ఆ ఇంట్లో సిగ్నల్ మాట్లాడటానికే అంతంతమాత్రం. చివరికి బెంగళూరులో ఉన్న అన్నయ్యకి ఫోన్ వెళ్లింది.

నిజానికి నెట్ కంపెనీవాళ్లు చెప్పింది అబద్ధం కాదు. లైను బాగానే ఉంది. పోయింది నెట్ కాదు... చిరునామాల పుస్తకం!

పేరుకో నంబరు

మనం ఏ సైటునైనా పేరుతో పిలుస్తాం. కంప్యూటర్‌కి ఆ పేరుతో పనిలేదు. దానికి కావలసింది ఐపీ అడ్రస్ అనే నంబరు. పేరు చెబితే నంబరు వెతికిపెట్టే ఏర్పాటే డొమైన్ నేమ్ సిస్టమ్... పొట్టిగా డీఎన్ఎస్. సెల్‌ఫోన్లో ‘పెద్దమావయ్య’ అన్న పేరు నొక్కితే ఫోనే నంబరు చూసుకుని కలుపుతుందే, అలాగన్నమాట. కాంటాక్టులన్నీ చెరిగిపోయినంత మాత్రాన మావయ్య ఎక్కడికీ పోడు. ఆయన ఫోనూ పనిచేస్తూనే ఉంటుంది. కలపడమే మనకు చేతకాదు.

ఇంటర్నెట్‌కు ముందుతరమైన ఆర్పానెట్ రోజుల్లో ఈ పుస్తకం నిజంగానే ఒకే ఒక్క ఫైలు. అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ రిసెర్చ్ ఇన్‌స్టిట్యూట్‌లో ఎలిజబెత్ ఫైన్లర్ బృందం దాన్ని చూసుకునేది. కొత్త కంప్యూటర్ చేరితే వాళ్లకి చెప్పి పేరు రాయించుకోవాలి. మిగతావాళ్లంతా ఆ ఫైలును మళ్లీ దించుకోవాలి. కంప్యూటర్లు పెరిగేసరికి ఆ పద్ధతి చాల్లేదు. అందుకే 1983లో పాల్ మోకాపెట్రిస్ డీఎన్ఎస్‌ను రూపొందించాడు. అందరికీ కలిపి ఒకే పుస్తకం బదులు, ఎవరి పేజీ వాళ్లే రాసుకునే పద్ధతి ఇది.

మామూలుగా ఇంట్లోవాళ్ల తరఫున నంబర్లు వెతికేది నెట్ కంపెనీ సర్వరే. అది నెమ్మదిగా ఉందనో, ప్రకటనల గోల తగ్గాలనో, పిల్లలు చూడకూడని సైట్లు రాకూడదనో కొందరు దాన్ని మార్చుకుంటారు. గూగుల్ 2009లో 8.8.8.8, క్వాడ్9 సంస్థ 2017లో 9.9.9.9, క్లౌడ్‌ఫ్లేర్ 2018లో 1.1.1.1 నంబర్లతో ఈ సేవను ఉచితంగా మొదలుపెట్టాయి. ఇంకాస్త ఆసక్తి ఉన్నవాళ్లు రాస్ప్‌బెర్రీ పై అనే బుల్లి కంప్యూటర్లో పై-హోల్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ వేసి, ఇంట్లోనే సొంత డీఎన్ఎస్ పెట్టుకుంటారు. సంక్రాంతికి వచ్చినప్పుడు అన్నయ్య చేసి వెళ్లింది అదే. అప్పట్నుంచీ ఆ ఇంట్లో ఫోనైనా టీవీ అయినా దారి అడగాలంటే ఆ పెట్టెనే అడగాలి.

దొంగ దొరికాడు!

‘ముందు కమాండ్ ప్రాంప్ట్ తెరువు. పింగ్ అని కొట్టి, ఓ ఖాళీ వదిలి, 8.8.8.8 కొట్టు’ అన్నాడు అన్నయ్య.

‘రిప్లై వస్తోంది అన్నయ్యా.’

పేరుతో పనిలేకుండా నేరుగా నంబరుకే పంపిన పలకరింపు అది. జవాబు వచ్చిందంటే లైను ఉన్నట్టే. తర్వాత నంబరు తీసేసి గూగుల్.కామ్ అని కొట్టమన్నాడు. ‘దొరకలేదంటోంది.’ అంటే తప్పు డీఎన్ఎస్‌దే. ఇక మూడో పరీక్ష. ఎన్ఎస్‌లుకప్ అని కొట్టి, పక్కన సైటు పేరు, ఆ పక్కన 8.8.8.8 ఇస్తే... ఇంట్లో పెట్టెను కాదని బయటి సర్వర్‌ను అడిగినట్టు. అది చకచకా నంబరు చెప్పేసింది. మిగిలిన అనుమానితుడు ఒక్కడే.

‘రౌటర్ పక్కన తెల్లపెట్టె ఉండాలి. లైటు వెలుగుతోందా?’

వెనక నుంచి అమ్మ గొంతు వినిపించింది. ‘దాని ప్లగ్గు నేనే తీశాన్రా. ఇస్త్రీపెట్టెకి ఖాళీ లేకపోతేనూ...’

ఇవీ చూసుకోండి

అన్ని ఇళ్లలోనూ దొంగ ఇంత తేలిగ్గా దొరకడు. సొంత డీఎన్ఎస్ పెట్టుకున్నవాళ్లు వరసగా చూసుకోవాల్సినవి ఇవి.

ఒక్కదానికేనా, అన్నిటికీనా: ఒక్క ఫోన్లోనే సైట్లు రాకపోతే తప్పు ఆ ఫోన్ సెట్టింగుల్లో ఉన్నట్టు. ఇంటిల్లిపాదికీ రాకపోతే రౌటర్నీ, డీఎన్ఎస్ పెట్టెనీ చూడాలి.

పెట్టె చిరునామా: ఇంట్లోని పరికరాలకు నంబర్లు పంచేది రౌటర్. కరెంటు పోయివస్తే పెట్టెకి కొత్త నంబరు ఇచ్చేయొచ్చు. మిగతావన్నీ పాత నంబరు దగ్గరే తలుపు కొడుతుంటాయి. ఆ పెట్టెకి ఎప్పుడూ ఒకే నంబరు ఉండేలా రౌటర్లో రిజర్వ్ చేయాలి.

రెండో గడి: మొదటి డీఎన్ఎస్‌గా ఇంట్లో పెట్టెనీ, రెండోదిగా 8.8.8.8నీ ఇస్తుంటారు చాలామంది. మొదటిది పోతేనే రెండోదాన్ని అడుగుతాయనుకుంటే పొరపాటే. కొన్ని పరికరాలు రెంటినీ వాడతాయి. ప్రకటనలు మళ్లీ కనపడుతున్నాయంటే ఈ గడి చూడాలి.

దొడ్డిదారులు: ఆండ్రాయిడ్‌లో 2018లో వచ్చిన 9వ వెర్షన్ నుంచీ ‘ప్రైవేట్ డీఎన్ఎస్’ ఉంది. బ్రౌజర్లలో ‘సెక్యూర్ డీఎన్ఎస్’ ఉంటుంది. ఇవి ఆన్ చేసి ఉంటే రౌటర్లో ఏం రాసినా వాటి దారి వాటిదే. ఐపీవీ6కి రౌటర్లో విడిగా ఉండే డీఎన్ఎస్ గడిని వదిలేసినా అంతే. పిల్లల కోసం పెట్టిన కంచెకి ఇవే కంతలు!

పాత జ్ఞాపకం: ఒకసారి తెలుసుకున్న నంబరును కంప్యూటర్ కొంతసేపు గుర్తుంచుకుంటుంది. విండోస్‌లో ఐపీకాన్ఫిగ్ అని కొట్టి, ఖాళీ వదిలి, స్లాష్ పెట్టి ఫ్లష్‌డీఎన్ఎస్ అంటే అది చెరిగిపోతుంది. ఫోన్లలో అయితే వైఫై ఓసారి ఆపి మళ్లీ వేస్తే చాలు, రౌటర్ దగ్గర కొత్త వివరాలు తీసుకుంటాయి.

పుస్తకం ఎవరి చేతిలో ఉంది?

సైట్లు రాకపోవడం చిన్న కష్టమే. పుస్తకం దొంగ చేతిలో పడితేనే అసలు ముప్పు. బ్యాంకు పేరు పక్కన తన నంబరు రాసిపెడితే అడిగినవాళ్లంతా నేరుగా అతని గుమ్మం ముందుకే వెళ్తారు!

ఇది ఊహ కాదు. డీఎన్ఎస్ ఛేంజర్ అనే వైరస్ వందకు పైగా దేశాల్లో సుమారు 40 లక్షల కంప్యూటర్ల డీఎన్ఎస్‌ను గుట్టుగా మార్చేసింది. తయారీదారులు పెట్టిన పాస్‌వర్డులను మార్చకుండా వదిలేసిన రౌటర్లలోకి చొరబడేందుకూ ప్రయత్నించింది. 2011 నవంబరులో అమెరికా దర్యాప్తు సంస్థ ఎఫ్‌బీఐ ఈ ముఠా గుట్టు రట్టు చేసింది. అయితే అప్పుడో చిక్కొచ్చిపడింది. దొంగ సర్వర్లను ఆపేస్తే వాటినే నమ్ముకున్న కంప్యూటర్లన్నిటికీ ఒక్కసారిగా నెట్ పోతుంది. అందుకే కోర్టు అనుమతితో వాటి స్థానంలో మంచి సర్వర్లు పెట్టి, 2012 జులై 9 దాకా నడిపించారు.

కాబట్టి రౌటర్ పాస్‌వర్డును కొన్నరోజే మార్చుకోవాలి. డీఎన్ఎస్ గడిలో తెలిసిన నంబరే ఉందో లేదో అప్పుడప్పుడూ చూసుకోవాలి. మార్చేముందు పాత నంబర్లు ఓ కాగితం మీద రాసిపెట్టుకోవాలి. నెట్ పోయినప్పుడు నెట్‌లో వెతకలేం కదా!

తెనాలి ఇంట్లో ప్లగ్గు మళ్లీ పెట్టిన కాసేపటికి సైటు తెరుచుకుంది. అమ్మాయి గడువులోపే ఆప్షన్లన్నీ పెట్టేసి హాయిగా పడుకుంది. ఆ ప్లగ్గు మీద ఇప్పుడో చీటీ అంటించి ఉంది... ‘అమ్మా, ఇది తీయొద్దు!’