మృగరాజుతో మాటామంతీ

సింహం మనల్ని గుర్తుపడుతుందా? పిలిస్తే పలుకుతుందా? ప్రేమిస్తే తిరిగి ప్రేమిస్తుందా? నరసింహుణ్ని కొలిచే ఇళ్లలో పిల్లలు ఏదో ఒకరోజు అడిగే ప్రశ్నలే ఇవి. వీటికి జవాబు తెలిసినవాళ్లు బోనుకు ఇవతల చీపురూ బకెట్టూ పట్టుకుని నిలబడి ఉంటారు!

తిరుమల దర్శనం అయిపోయింది. తిరుగు రైలు రాత్రికి. నరసరావుపేట నుంచో మాచర్ల నుంచో వచ్చిన కుటుంబం అప్పటిదాకా ఏం చేయాలి? ‘జూకి వెళ్దాం’ అంటారు పిల్లలు. తిరుపతి శ్రీవేంకటేశ్వర జంతు ప్రదర్శనశాలలో అందరి కాళ్లూ ముందు సింహం వైపే పరుగులు తీస్తాయి. తీరా వెళ్తే అది చెట్టు నీడన కళ్లు మూసుకుని పడుకుని ఉంటుంది. ఒకరు ఈల వేస్తారు. ఇంకొకరు చప్పట్లు కొడతారు. అది తోకైనా కదపదు. రోజులో ఇరవై గంటల దాకా విశ్రాంతిగా గడిపే జీవి మరి! ఎప్పటికో తలెత్తి ఇటు చూస్తుంది. అంతే... ‘నన్నే చూసింది’ అంటాడు పిల్లాడు. ‘కాదు, నన్ను’ అంటుంది చెల్లెలు. నాన్నకూ లోపల్లోపల అలాగే అనిపిస్తుంది. పైకి చెప్పడు, అంతే తేడా.

ఆ ఒక్క చూపు కోసం మనిషి ఎందుకింత తపించిపోతాడు?

అడవిలో లేదు... ఇంట్లో ఉంది

పల్నాటి అడవుల్లో సింహం లేదు. మాచర్ల దాటి నల్లమలలోకి వెళ్తే పెద్దపులి ఉంది, చిరుత ఉంది. మన దేశంలో సింహం స్వేచ్ఛగా తిరిగేది గుజరాత్‌లోని గిర్, దాని చుట్టుపక్కల ప్రాంతాల్లోనే. 2025 లెక్కల్లో అవి 891 అని తేలింది. అయినా మనకు సింహం పరాయిది కాదు. అమరావతి స్థూపం ద్వారాల మీద రాతి సింహాలు కూర్చున్నాయి. బుద్ధుణ్ని శాక్యసింహుడన్నారు, ఆయన బోధను సింహనాదమన్నారు. ఆ బోధ మార్మోగిన నాగార్జునకొండ మన గడప దగ్గరే ఉంది.

ఇక నరసింహుడి సంగతి చెప్పాలా! స్తంభం నుంచి వెలువడిన ఉగ్రరూపాన్ని చూసి దేవతలే దగ్గరికి వెళ్లలేకపోయారు. వెళ్లింది అయిదేళ్ల ప్రహ్లాదుడు. ఆ పసివాడి తల మీద చేయి పెట్టగానే సింహం కోపం చల్లారింది. అహోబిలం వైపు చెంచులైతే ఆ నరసింహుణ్ని ఏకంగా తమ ఇంటి అల్లుణ్ని చేసుకున్నారు. తమ ఆడపడుచు చెంచులక్ష్మిని మనువాడాడని వాళ్ల నమ్మకం. ఏటా బ్రహ్మోత్సవాలకు ముందు పారువేట పేరుతో స్వామి ఊరూరా తిరిగి తన పెళ్లికి రమ్మని పిలిచి వెళ్తాడు. ఎంత ఉగ్రమూర్తి అయినా బంధుత్వం కలుపుకుంటే మనవాడే అన్నది ఆ భక్తి.

ప్రేమకు సింహం లొంగుతుందన్న నమ్మకం మనలో అలా చిన్నప్పుడే నాటుకుపోయింది. దేవుడి విషయంలో అది భక్తి. బోనులో ఉన్న ప్రాణి విషయంలో మాత్రం... ఆగి ఆలోచించాల్సిందే.

డేరాలో దొరసాని... బోనులో దిగులు

ఇప్పుడు నలభై దాటినవాళ్లకు సర్కస్ డేరా గుర్తుండే ఉంటుంది. కొరడా ఝళిపించగానే సింహం స్టూలెక్కి కూర్చునేది. మంటల చక్రంలోంచి దూకేది. రింగ్‌మాస్టర్ దాని నోట్లో తల పెడితే మనం ఊపిరి బిగబట్టేవాళ్లం. ఆహా, ఎంత స్నేహమో అనుకునేవాళ్లం. నిజానికి అక్కడ పనిచేసింది ఎక్కువగా కొరడా, ఆకలి, భయం. ఆట ముగిశాక ఆ సింహం మిగతా రోజంతా గడిపేది తిరగడానికి కూడా చోటు చాలని బండి బోనులోనే.

1998 అక్టోబరులో కేంద్ర పర్యావరణ శాఖ సింహం, పులి, చిరుత, ఎలుగుబంటి, కోతులతో ప్రదర్శనలు చేయించకూడదని ఉత్తర్వు ఇచ్చింది. సర్కస్ యజమానులు కోర్టుకెక్కారు. 2000లో కేరళ హైకోర్టు, 2001 మే 1న సుప్రీంకోర్టు ప్రభుత్వం చేసింది సరైనదేనన్నాయి. మరి డేరాల్లో ఉన్న సింహాల సంగతేంటి? బోనులో పుట్టినవాటికి వేట రాదు. ఆసియా, ఆఫ్రికా జాతులు కలిసిపోయిన సంకరజాతి కావడంతో అడవిలోనూ చోటు లేదు. వాటికోసమే దేశంలో కొన్నిచోట్ల పునరావాస కేంద్రాలు వెలిశాయి. వాటిలో రెండు తెలుగు నేల మీదే ఉన్నాయి... ఒకటి విశాఖపట్నంలో, రెండోది తిరుపతిలో. సంతతి పెరగకుండా జాగ్రత్త తీసుకుని, బతికినన్నాళ్లూ కడుపునిండా తిండిపెట్టి, జబ్బుచేస్తే వైద్యం చేయించి సాగనంపడమే అక్కడి పని. ఒకరకంగా వృద్ధాశ్రమమే!

ఎల్సా కథ తెలుసు... బాయ్ కథ?

సింహంతో స్నేహం అనగానే ప్రపంచానికి గుర్తొచ్చే పేరు ఎల్సా. కెన్యాలో అటవీ అధికారిగా పనిచేసిన జార్జ్ ఆడమ్సన్ 1956లో తన మీదికి దూకిన ఓ ఆడసింహాన్ని కాల్చాల్సివచ్చింది. తర్వాత చూస్తే దాని పిల్లలు కనిపించాయి. వాటిలో చిన్నదాన్ని ఆయన, భార్య జాయ్ సొంతబిడ్డలా పెంచారు. అదే ఎల్సా. పెద్దయ్యాక దానికి వేట నేర్పి అడవికి పంపారు. అది తల్లయ్యాక తన మూడు పిల్లల్నీ వెంటబెట్టుకుని పెంచినవాళ్ల దగ్గరికి వచ్చింది! జాయ్ రాసిన ‘బార్న్ ఫ్రీ’ 1960లో పుస్తకంగా, 1966లో సినిమాగా వచ్చింది.

మరో కథ క్రిస్టియన్‌ది. 1969లో లండన్‌లోని హారోడ్స్ దుకాణంలో ఇద్దరు ఆస్ట్రేలియా యువకులు కొన్న సింహం పిల్ల అది. పెరిగాక దాన్ని కెన్యాలో జార్జ్ దగ్గరికి చేర్చారు. 1971లో ఆ యువకులు చూడటానికి వెళ్తే అది పరుగెత్తుకొచ్చి భుజాల మీద కాళ్లేసి హత్తుకుంది. ఆ దృశ్యం చూసి కంటతడి పెట్టనివారు అరుదు.

కానీ అదే ఏడాది, అదే శిబిరంలో జరిగిన ఇంకో సంగతి చాలామందికి తెలియదు. ‘బార్న్ ఫ్రీ’ సినిమాలో నటించిన సింహాల్లో ఒకటి బాయ్. జార్జ్‌కు అదంటే ప్రాణం. 1971 జూన్‌లో అది శిబిరంలో పనిచేసే సహాయకుడి మీద దాడిచేసింది. అతను దక్కలేదు. జార్జ్ తన చేతులతోనే బాయ్‌ని కాల్చేశాడు. ఒకే చోట, ఒకే ఏడాది... ఒక కౌగిలి, ఒక చావు. రెండూ నిజాలే.

‘లయన్ విస్పరర్’గా పేరొందిన దక్షిణాఫ్రికా వాసి కెవిన్ రిచర్డ్‌సన్ విషయంలోనూ అంతే. ఆయన సింహాలతో కలిసి పడుకునే వీడియోలను కోట్లమంది చూశారు. 2018లో ఆయన వ్యాహ్యాళికి తీసుకెళ్లిన ఆడసింహాల్లో ఒకటి, అక్కడికి వచ్చిన ఇరవై రెండేళ్ల యువతి ప్రాణం తీసింది.

ప్రేమ ఉంది... పళ్లెం దగ్గర లేదు!

పిల్లి జాతిలో పులి ఒంటరి, చిరుత ఒంటరి. కుటుంబంగా, గుంపుగా బతికేది సింహమే. కలుసుకోగానే తలకు తల రాసుకుని పలకరించుకుంటాయి. తమవాళ్ల గర్జన ఏదో, పరాయి గర్జన ఏదో గుర్తుపడతాయి. అవతల గర్జిస్తున్నవి ఒకటా, మూడా అన్నదీ లెక్క కట్టి ముందుకెళ్లాలో ఆగాలో తేల్చుకుంటాయని టాంజానియాలోని సెరెంగెటిలో చేసిన పరిశోధన 1994లో తేల్చింది. అందుకే పసితనం నుంచి పెంచిన మనిషిని కూడా సింహం తన గుంపులో ఒకడిగా లెక్కేసుకోగలదు.

దక్షిణాఫ్రికాలో చేసిన ఇంకో ప్రయోగం ఫలితాలు 2022లో వచ్చాయి. తల్లీబిడ్డల మమకారానికి కారణమయ్యే ఆక్సిటోసిన్ హార్మోన్‌ను సింహాల ముక్కుల్లోకి చల్లారు. ఆటవస్తువు ఇచ్చినప్పుడు మామూలుగా ఏడు మీటర్ల ఎడంగా ఉండేవి మూడున్నర మీటర్ల దగ్గరికొచ్చాయి. పరాయి గర్జన వినిపిస్తే బదులుగా గర్జించడం మానేశాయి. బాగానే ఉంది. కానీ మాంసం ముక్క కనబడగానే ఆ మమకారం గాలికెగిరిపోయింది! ప్రేమ లేదని కాదు. అది ఎప్పుడు ఎక్కడ ఆగిపోతుందో మనకు తెలియదు, అంతే.

మనసుతో మాట్లాడేవాళ్లు

మాటల్లేకుండా మనసుతోనే జంతువులతో మాట్లాడగలమనేవారూ ఉన్నారు. దక్షిణాఫ్రికాకు చెందిన అన్నా బ్రేటెన్‌బాక్ అలా ఓ నల్ల చిరుత దిగులును పోగొట్టారని 2012లో వచ్చిన ఒక డాక్యుమెంటరీ చూపించింది. అదే దేశంలో లిండా టకర్ టింబవాటి తెల్ల సింహాలను పవిత్రమైనవిగా భావించి, వాటి రక్షణకు 2002లో ట్రస్టు పెట్టారు. మనసు నుంచి మనసుకు మాట వెళ్తుందనడానికి శాస్త్రం ఇంతవరకు రుజువు చూపలేదు. నమ్మడం, నమ్మకపోవడం ఎవరిష్టం వారిది. కానీ రుజువున్న సంభాషణ ఒకటుంది. అది రోజూ మన జూలలోనే జరుగుతోంది.

సంరక్షకుడు పొద్దున్నే వస్తాడు. అడుగుల చప్పుడు అదే, పిలుపు అదే, పేరు అదే. ఆవరణ శుభ్రం చేయాలంటే ముందు సింహం బోనులోకి వెళ్లాలి. సాయంత్రం మళ్లీ లోపలికి రావాలి. తోసుకెళ్లడానికి అదేమైనా గేదా? పిలవాలి, ఓపిక పట్టాలి, వచ్చేదాకా నిలబడాలి. చాలా జూలలో మాంసాహార జంతువులకు వారానికి ఒకరోజు ఉపవాసం. ఆ రోజు దాని విసుగునూ భరించాలి. తిండి తగ్గించిందా, నడక మారిందా, కంట్లో నీరుందా... మొదట తెలిసేది అతనికే. 2021 ఏప్రిల్‌లో హైదరాబాద్ నెహ్రూ జూలాజికల్ పార్కులో సింహాలు సరిగా తినకపోవడం, ముక్కు కారడం, దగ్గడం కనిపెట్టింది అలాంటి కళ్లే. నమూనాలు సీసీఎంబీకి వెళ్లాయి. ఎనిమిది ఆసియా సింహాలకు కొవిడ్ ఉన్నట్లు మే 4న ప్రకటించారు. దేశంలో జంతువులకు కొవిడ్ నిర్ధారణ కావడం అదే తొలిసారి. అవి కోలుకున్నాయి. ‘నాకు ఒంట్లో బాగాలేదు’ అని సింహం చెప్పిందా? చెప్పింది. వినేవాడు విన్నాడు.

అదే జూలో 2016 మేలో, మద్యం మత్తులో ఓ వ్యక్తి సింహాలతో కరచాలనం చేస్తానంటూ ఆవరణలోకి దిగాడు. సంరక్షకుడు వాటి దృష్టి మళ్లించబట్టి బతికి బయటపడ్డాడు. సింహం మనసు తెలిసినవాడు బయటే ఉన్నాడు, తెలియనివాడే లోపలికి దిగాడు!

గోడ ఎందుకుందంటే...

అందరికీ ఆ అదృష్టం దక్కదు. 2024 ఫిబ్రవరి 15న తిరుపతి జూలో ఒక సందర్శకుడు అడ్డంకులు దాటి సింహం ఆవరణలోకి దూకాడు. డూంగర్‌పూర్ అనే మగసింహం చేతిలో ప్రాణాలు కోల్పోయాడు. సింహం తప్పేముంది? అది తన ఇంట్లో ఉంది. సంరక్షకుల జీవితమూ పూలబాట కాదు. 2023 నవంబరులో విశాఖ జూలో ఎలుగుబంటి దాడిలో ఓ యువ సంరక్షకుడు చనిపోయాడు. రోజూ తిండిపెట్టే చేతికే హామీ లేనప్పుడు, ఒక పూట చూసిపోయే మనకెక్కడిది?

అలాగని అనుబంధం వద్దని కాదు. ఈసారి జూకి వెళ్లినప్పుడు ఈలలూ రాళ్లూ వద్దని పిల్లలకు ముందే చెప్పండి. పది నిమిషాలు నిశ్శబ్దంగా నిలబడండి. చెవులు ఎటు తిరుగుతున్నాయో, తోక చివరి కుచ్చు ఎలా ఆడుతోందో చూడమనండి. అదృష్టం బాగుంటే గర్జన వినొచ్చు. అడవిలో అయితే అది ఎనిమిది కిలోమీటర్ల దాకా వినిపిస్తుంది. సాయం చేయాలనుంటే దత్తత పథకాలున్నాయి. సింహం తిండి ఖర్చు కొన్నాళ్లు మనం భరించొచ్చు. 2022లో ఉపాసన కొణిదెల హైదరాబాద్ జూలో సింహాల జంటను అలాగే దత్తత తీసుకున్నారు. అంత స్తోమత లేకపోతే చిన్న పక్షులనైనా తీసుకోవచ్చు.

మంగళగిరి పానకాల స్వామి సంగతి మనకు తెలిసిందే. ఎంత పానకం పోసినా సగమే తీసుకుని, సగం మనకు వదిలేస్తాడని నమ్మకం. ఆ సగాన్నే ప్రసాదమని కళ్లకద్దుకుంటాం. మిగతా సగం కావాలని గుహలోకి చెయ్యి పెట్టం. బోనులో ఉన్న సింహంతో మన బంధమూ అలాంటిదే. అది తలెత్తి చూసిన ఆ ఒక్క చూపే మనవంతు. ‘నన్నే చూసింది’ అన్న పిల్లాణ్ని కాదనకండి. చెయ్యి పట్టుకుని, గోడకు ఇవతలే నిలబెట్టండి చాలు.