సెకండ్ హ్యాండ్ బేస్ గిటార్: పేరు చూసి కాదు, మెడ చూసి కొనండి



మీ అబ్బాయో అమ్మాయో బ్యాండ్‌లో బేస్ గిటార్ వాయిస్తానని అడిగితే ముందుగా గుర్తొచ్చేది ఖర్చు. ఈ ఇష్టం ఆరు నెలలు ఉంటుందో, ఆరేళ్లు ఉంటుందో ఇప్పుడే చెప్పలేం. అందుకే సెకండ్ హ్యాండ్ కొందామనుకోవడం మంచి ఆలోచనే. బాగా చూసుకున్న బేస్ ఇరవై, ముప్పై ఏళ్లయినా చక్కగా పలుకుతుంది. అయితే పెద్దమండ్యం, మదనపల్లె, పుంగనూరు, కుప్పం వైపు ఉన్నవాళ్లు ఇలాంటి వాటి కోసం బెంగళూరు వెళ్లాలి, లేదంటే ఫోన్‌లో ఫొటోలు చూసి బేరం కుదుర్చుకోవాలి. ఇంటికి తెచ్చాక లోపం బయటపడితే తిరిగి ఇవ్వడం కష్టం.

నష్టం డబ్బుతో పోదు. మెడ వంగిన గిటార్ మీద తీగలు ఎత్తుగా ఉంటాయి. నొక్కితే వేళ్లు నొప్పెడతాయి, సరిగ్గా వాయించినా శ్రుతి కుదరదు. లోపం వాద్యంలో ఉందని పిల్లలకు తెలియదు. ‘నాకు సంగీతం రాదు’ అనుకుని మూలన పెట్టేస్తారు.

బేస్ అంటే ఏది?

మామూలు గిటార్‌కు ఆరు తీగలు. బేస్‌కు సాధారణంగా నాలుగు లావు తీగలుంటాయి: ఇ, ఏ, డి, జి. గిటార్ కన్నా ఒక స్థాయి కింద పలుకుతుంది. ఇళయరాజా పాటల్లో గొంతు వెనుక నడిచే ఆ లోతైన నాదాన్ని గుర్తు చేసుకోండి. 1951లో అమెరికాలో లియో ఫెండర్ తెచ్చిన ‘ప్రెసిషన్ బేస్’ నమూనానే నేటికీ చాలా కంపెనీలు అనుసరిస్తున్నాయి.

పెద్దవాళ్ల బేస్‌లో తీగ పలికే పొడవు 34 అంగుళాలు, చిన్న సైజులో 30 అంగుళాలు. దీన్ని మీరే కొలవవచ్చు. పైన తీగలు ఆనే నట్ నుంచి 12వ ఫ్రెట్ వరకు టేపు పెట్టండి. 17 అంగుళాలు వస్తే పెద్దది, 15 వస్తే చిన్నది. పొట్టి చేతుల పిల్లలకు చిన్నదే హాయి. బరువు కూడా చూడండి. చాలా బేస్‌లు నాలుగు కిలోల దాకా తూగుతాయి.

అసలుదా, నకిలీదా?

నకిలీ ఎక్కువగా తలభాగం మీద ఉండే పేరులోనే జరుగుతుంది. ఉదాహరణకు స్క్వైర్ అనేది ఫెండర్ కంపెనీదే, తక్కువ ధరలో వచ్చే బ్రాండ్. అది మంచి వాద్యమే. కానీ దాని మీద ఫెండర్ స్టిక్కర్ అంటించి ఎక్కువ ధర చెబితే అది మోసం. ఈ మూడు విషయాలు చూడండి.

1. సీరియల్ నంబరు: తల మీదో, మెడ వెనుకో, ఒళ్లూ మెడా కలిసే చోటి లోహపు పలక మీదో ఉంటుంది. ఫెండర్‌లో 2010 తర్వాత అమెరికాలో చేసిన వాటికి సాధారణంగా ‘యూఎస్’, మెక్సికోలో చేసిన వాటికి ‘ఎంఎక్స్’ అక్షరాలు ముందు వస్తాయి. అమ్మేవారు ‘అమెరికా సరుకు’ అంటుంటే, నంబరు కూడా అదే చెప్పాలి.

2. పొంతన: నంబరును కూడా నకిలీగా ముద్రించవచ్చు. అందుకే అదే మోడల్ ఫొటోలు కంపెనీ కేటలాగులో చూసి తల ఆకారం, అక్షరాల తీరు, ట్యూనింగ్ కీలు, బ్రిడ్జ్, నాబ్‌ల సంఖ్య పోల్చండి. ఒక భాగం మారినంత మాత్రాన నకిలీ కాదు, రిపేరులో మార్చి ఉండవచ్చు. ఏది మారిందో అమ్మేవారు దాచకుండా చెప్పాలి.

3. కాగితం: పాత బిల్లు అడగండి. అది లేకపోతే అమ్మేవారి పేరు, ఫోన్ నంబరు, సీరియల్ నంబరు, తేదీ రాసి సంతకం చేసిన రసీదైనా తీసుకోండి. దొంగ సరుకు మీ ఇంటికి చేరకుండా ఇది కాపాడుతుంది.

పేరు రుజువు కాకపోతే ఆ పేరుకు డబ్బు ఇవ్వకండి. పేరు లేని మామూలు బేస్‌కు ఎంత ఇస్తారో అంతే ఇవ్వండి.

అసలు పరీక్ష మెడకే

టమాటా బాక్సులో పై వరుస చూసి ఎవరూ బేరం ఒప్పుకోరు. గిటార్ కూడా అంతే. మెరిసే రంగు పై వరుస, మెడ కింది వరుస. నాలుగు తీగలు కలిసి మెడను 70 కిలోలకు పైగా బలంతో లాగుతుంటాయి. దాన్ని నిలబెట్టడానికి లోపల ట్రస్ రాడ్ అనే ఇనుప కడ్డీ ఉంటుంది.

లావు తీగను మొదటి ఫ్రెట్ దగ్గర ఒక చేత్తో, చివరి ఫ్రెట్ దగ్గర మరో చేత్తో నొక్కి పట్టండి. నడుమ, 7వ, 8వ ఫ్రెట్ల దగ్గర తీగ కింద విజిటింగ్ కార్డు దూరేంత సందు ఉంటే మంచిది. సందు బాగా ఎక్కువున్నా, అసలే లేకున్నా రాడ్ సర్దాలి. మెడ మెలిపడి ఉన్నా, రాడ్ తిరగకపోయినా ఎంత తక్కువకు ఇచ్చినా వద్దనండి.

తర్వాత ప్రతి తీగను ప్రతి ఫ్రెట్‌లో ఒక్కొక్కటిగా మీటించండి. పది నిమిషాలు పట్టినా ఫరవాలేదు. ఎక్కడైనా జరజరమన్నా, నాదం మధ్యలో చచ్చిపోయినా గుర్తు పెట్టుకోండి. ఫోన్‌లో ట్యూనర్ యాప్ పెట్టి తీగను ఖాళీగా ఒకసారి, 12వ ఫ్రెట్‌లో నొక్కి ఒకసారి మీటండి. రెండుసార్లూ అదే స్వరం చూపాలి. చిన్న తేడా అయితే బ్రిడ్జ్ దగ్గర సర్దవచ్చు.

చివరగా ఆంప్లిఫయర్‌కు కలిపి నాబ్‌లన్నీ తిప్పండి. కాస్త గరగర ఉంటే శుభ్రం చేస్తే పోతుంది. వైరు కదిపినప్పుడల్లా శబ్దం పోతుంటే సాకెట్ మార్చాలి. కొన్ని బేస్‌లలో 9 వోల్టుల బ్యాటరీ ఉంటుంది. ఆ గది తెరిచి, రసం కారి తుప్పు పట్టిందేమో చూడండి. తీగలు పాతవైనా బాధ లేదు, మార్చుకోవచ్చు. ఆ ఖర్చు ధరలో తగ్గించమని అడగండి.

ఇంట్లో ఎలా చూసుకోవాలి?

* వాయించిన ప్రతిసారీ పొడి నూలుగుడ్డతో తీగలు, మెడ తుడవాలి. తీగలకు ముఖ్య శత్రువు చేతి చెమటే.
* మన వేసవిలో రేకుల కప్పు కింద, కిటికీ ఎండలో, నిలిపిన కారులో ఉంచకండి. పొడి వేడికి చెక్క కుంచించుకుపోయి ఫ్రెట్ల అంచులు చేతికి గుచ్చుకుంటాయి.
* వానాకాలంలో సంచిలో సిలికా జెల్ పొట్లాలు వేయండి.
* కొబ్బరి నూనె, వంట నూనె రాయకండి. జిగురై మురికి పడుతుంది.
* రోజూ తీగలు పూర్తిగా వదులు చేయనక్కర్లేదు. తీగల లాగుడుకు తగ్గట్టే లోపలి రాడ్ సర్ది ఉంటుంది.
* రాడ్‌ను పిల్లలు తిప్పకూడదు. తెలిసినవారు కూడా ఒకసారికి పావు చుట్టే తిప్పుతారు.
* ఆంప్లిఫయర్‌కు ఎర్త్ ఉన్న మూడు పిన్నుల ప్లగ్ వాడండి. తీగ తాకితే జిల్లుమంటే వెంటనే ఆపి ఎలక్ట్రీషియన్‌ను పిలవండి.

కొనడానికి వెళ్లేటప్పుడు టేపు, టార్చి, ట్యూనర్ యాప్ ఉన్న ఫోన్, కొత్త బ్యాటరీ వెంట ఉంచుకోండి. వీలైతే సంగీతం మాస్టారినీ, తప్పకుండా మీ బిడ్డనూ తీసుకెళ్లండి. చూడకుండా అడ్వాన్సు పంపకండి. ఆ మెడ పట్టుకుని రోజూ కూర్చోవాల్సింది మీ బిడ్డే. వాళ్ల చేతికి హాయిగా అమరిందంటేనే డబ్బు తీయండి.