శిశువిహారములో మూడురంగుల కేకు

మొన్నటి ఆగస్టు 15వ తేదీకి నాలుగుదినములు ముందుగా మా చిన్నదాని సంచిలో నొక చీటి వచ్చినది. మా పట్టణములోని యొక శిశువిహారమున నామె కొన్ని మాసములుగా నాడుకొనుచున్నది. దానిని బడి యనుటకు వీలులేదు. రెండుమూడేండ్ల పసివారు ఇరువదిమంది చేరి యిసుకలో దొర్లుటయే యందలి విద్య. పతాకావిష్కరణమైన పిమ్మట పిల్లలకు బంచుటకై ప్రతి యింటినుండియు స్వయముగా జేసిన పదార్థ మేదైన దేవలెననియు, అంగడిసరకు వలదనియు నాచీటిలో వ్రాసియుండెను.

మేము బాల్యమున నెరిగిన స్వాతంత్ర్యదినోత్సవ ప్రసాదము వేరు. జెండా యెగిరినవెంటనే మాస్టరుగారు డబ్బా మూత తీసి, నారింజతొనల బిళ్ళలు రెండేసి చేతిలో బెట్టెడివారు. దానిని బుగ్గను బెట్టుకొని యిల్లు చేరువరకు కరగనీయనివాడే మొనగాడు. ఇప్పుడు కేకు కాలము వచ్చినది. పుట్టినదినమునకే గాక పెండ్లిరోజునకును, పదవీవిరమణకును గూడ దానిని గోయుచున్నారు. ఈ విషయమున మాకుగల యభిప్రాయములను పాఠకులపై రుద్ద దలచుట లేదు. మా గృహిణి కేకే చేయుదునని నిశ్చయించుకొన్నది, అదియు జెండా యాకారముగల మూడురంగుల కేకు.

ఆమాట ప్రహరీగోడ దాటి ప్రక్కయింటి విశ్రాంతోపాధ్యాయులవారి చెవిని బడినది. ఆయన కృష్ణాజిల్లావారు. పింగళి వెంకయ్యగారు జన్మించిన భట్లపెనుమర్రు తమ యూరికి దగ్గరనే యున్నదని చెప్పుకొనుట యాయన కొక సంతోషము. 1921లో బెజవాడ కాంగ్రెసు సమావేశములనాడు వెంకయ్యగారు గాంధీగారికి జెండా నమూనాను జూపిన కథ యాయన నోట వినని పిల్లవాడు మా వీథిలో లేడు. ఆయన మా గుమ్మములోనికి వచ్చి, "అమ్మాయీ! జెండాకు మ్రొక్కిన పసిచేతులతోనే దానిని కత్తిపెట్టి కోయింతువా?" యని యడిగిరి. ఆమె మారుపలుకక పిండి కలుపు గిన్నెను ప్రక్కకు జరిపినది.

మాకు గ్రంథములు తిరుగవేయు చాపల్యము గలదు. జాతీయ గౌరవచిహ్నముల యవమానమును నివారించుటకై 1971లో చేసిన చట్టమును దీసితిమి. బహిరంగస్థలమున జెండాను దగ్ధము చేయుట, ఛేదించుట, వికృతపరచుట నేరము. దానికి మూడేండ్లవరకు కారాగారవాసమో, జుల్మానాయో, రెండునో విధింపవచ్చును. జెండా యనగా గుడ్డజెండా మాత్రమే కాదు. దాని చిత్తరువు, ఛాయాచిత్రము, కంటికి గనబడు మరి యే ప్రతిరూపమైనను జెండాయే యని యాచట్టము చెప్పుచున్నది. కేకుమీది జెండా కంటికి గనబడకపోదు గదా! ఆ రాత్రి మాకును కొంత గుబులు పుట్టినమాట నిజము.

అయితే యీ ప్రశ్న యిదివరకే న్యాయస్థానమున దేలియున్నది. 2013లో కోయంబత్తూరున క్రిస్మసు వేడుకలో నారడుగుల పొడవును, అయిదడుగుల వెడల్పును గల కేకును జేసి, దానిపై దేశపటమును, మూడురంగులను, అశోకచక్రమును దీర్చి, కోసి సభవారికి బంచిరి. జిల్లా కలెక్టరు మొదలగు అధికారులును, మతపెద్దలును వచ్చిన సభ యది. అది నేరమని యొకరు ఫిర్యాదు చేసిరి. వ్యవహారము చిట్టచివరకు మద్రాసు హైకోర్టునకు బోయినది. 2021 మార్చిలో న్యాయమూర్తి ఎన్. ఆనంద్ వెంకటేశ్‌గారు దానిని కొట్టివేసిరి. ఆ సభనుండి మరలినవారి హృదయములలో జాతీయగౌరవము తగ్గినదా, పెరిగినదా యన్నదే చూడవలసిన ప్రశ్నయని వారు తలచిరి. ఉత్సవదినములందు చొక్కాలకు దగిలించుకొన్న కాగితపు జెండాలు సాయంకాలమునకు చిత్తుకాగితములలో గలసిపోవుచున్నవి, దానికై యెవరిని శిక్షింతుమని వారు సూచించిన యుపమానము మాకు మిక్కిలి యుచితముగ దోచినది.

మరునాటి యుదయముననే యీ తీర్పును మాస్టరుగారికి జదివి వినిపించితిమి. ఆయన కన్నులు మూసుకొని యంతయు వినిరి. పిదప, "న్యాయస్థానము నేరము కాదన్నది. సరే. బాగున్నదని యన్నదా?" యనిరి. మాకడ జవాబు లేకపోయెను.

జవాబు మా గృహిణికడ నున్నది. జెండా పొడవు వెడల్పునకు ఒకటిన్నర రెట్లు, నడుమ ఇరువదినాలుగు ఆకుల నీలిచక్రము. ఈ రెండును లేనిది జెండా యగునా? కావున నామె కేకును గుండ్రముగ, మూడు వరుసలుగ, నొకదానిపై నొకటి పేర్చదలచినది. కోసిన ప్రతిముక్కలోను మూడురంగులుండును గాని జెండాబొమ్మ యుండదు. మాస్టరుగారు గోడమీదుగా విని తలయూపిరి. అంగీకారమో, అలసటయో తెలియలేదు.

ఇక రంగుల సంగతి. అంగట దొరకు కృత్రిమవర్ణములలో కొలదింటిని మాత్రమే మన దేశపు నిబంధనలు తిండిలో ననుమతించుచున్నవి. వానినైనను కేకులో కిలోకు 100 మిల్లీగ్రాములకు మించి కలుపరాదు. వానిలో కొన్నిటిపై, పిల్లల నడవడిని, ఏకాగ్రతను చెరుపవచ్చునను హెచ్చరికను ఐరోపా సమాఖ్య 2010 నుండి ముద్రింపించుచున్నది. చెంచాతో నందాజుగ వేయు వంటయింట మిల్లీగ్రాముల లెక్క యెవరు చూతురు? కనుక కాషాయమునకు క్యారెట్టు, పచ్చకు పాలకూర యని తీర్మానమైనది. మా యింట ఓవెను లేదు. ప్రెషరు కుక్కరు అడుగున నుప్పు పరచి, మూతకుగల రబ్బరును విజిలును దీసివేసి, సన్నని సెగను ముప్పాతికగంట యుంచుటయే మా పద్ధతి.

క్యారెట్టు చెప్పినమాట విన్నది. దాని రంగు నేతిలో గరగి, వేడికి దట్టుకొని నిలిచినది. పాలకూర మాత్రము మోసగించినది. పచ్చగా లోనికిబోయిన పిండి మట్టిరంగుతో వెలుపలికి వచ్చినది. ఆకులలోని పత్రహరితమునందు మెగ్నీషియము గలదు. వేడియు పులుపును గలసినచో నది తొలగిపోయి పచ్చదనము మాసిపోవును. మా కేకులో గ్రుడ్డు లేదు, పొంగుటకై పెరుగును సోడాయు గలిపిరి. పెరుగు పుల్లనిదే గదా! రెండవమారు పెరుగు తగ్గించి సోడా హెచ్చించిరి. పచ్చదనము నిలిచినది. మా చిన్నది నోట బెట్టుకొని వెంటనే యుమిసినది. సబ్బువలె నున్నదని మేమును సాక్ష్యము చెప్పగలము. మూడవమారు రుచినే యెన్నుకొని, మాసిన పచ్చతో సరిపెట్టుకొంటిమి.

ఇచ్చట మా యపరాధ మొకటి చెప్పవలసియున్నది. చక్రము లేని కేకు మాకు వెలితిగ దోచినది. పండుగనాటి తెల్లవారుజామున, గృహిణి స్నానమునకు బోయినపుడు, జీడిపప్పు బద్దలు ఇరువదినాలుగు లెక్కపెట్టి కేకుపై చక్రాకారముగ గ్రుచ్చితిమి. ఆమె చూచి యేమియు ననలేదు. అనకపోవుటయే యెక్కువ.

శిశువిహారమున జెండా యెగిరినది. కేకును బల్లపై బెట్టగానే యొక పసివాని నాయనమ్మ ముందుకువచ్చి, "గ్రుడ్డు వేసినారా?" యని యడిగినది. అంగన్‌వాడీలలో పిల్లలకు బలమునకై గ్రుడ్డు పెట్టుచున్నారు, అది మంచిదే. కాని యా యింట గ్రుడ్డు ముట్టరు. లేదని చెప్పగానే యామె మనుమని చేయి వదలినది. లేనిచో నా పసివాడు తనవారందరు తినుచుండగా గోడకానుకొని నిలిచియుండెడివాడు.

పిమ్మట ఆయమ్మ వచ్చినది. ఆమె చట్టమును జదువలేదు. కేకును జూచి, మామొగము జూచి, "అయ్యా! ఈ పప్పులు తీసేస్తాను. వేరుసెనగ పలుకు గొంతుకడ్డుపడి ఒక బిడ్డ నీలమైపోవడము నేను చూచినాను," అన్నది. దంతములు పూర్తిగరాని, నమలుట నేర్వని పసివారికి గట్టిపప్పులు పెట్టరాదని వైద్యులు చెప్పుమాట మాకు దెలియనిది కాదు. ఇరువదినాలుగు లెక్కపెట్టునపుడు జ్ఞప్తికి రాలేదు. ఆమె యొక్కొక్క బద్దను వ్రేళ్ళతో దీసి కొంగున మూటగట్టుచుండగా, మాస్టరుగారు వెనుకవరుసనుండి తదేకముగ జూచుచుండిరి. చక్రము పోయినపిదప నాయన లేచివచ్చి, తామే కత్తి నందుకొని, కేకును చిన్నచిన్న ముక్కలుగ గోసిరి. తమ వంతు ముక్కనుగూడ దినిరి. "అమ్మాయీ, పచ్చరంగు కొంచెము నీరసించినది," అనిరి.

పిల్లలకు రంగు పట్టలేదు. సగము నోటికి, సగము బట్టలకు బోయినది. ఇంటికి వచ్చి మా చిన్నదాని గౌను విప్పుచుండగా జేబునుండి కాగితపు జెండా యొకటి, దానికంటుకొని క్యారెట్టు రంగు కేకుముక్క యొకటి వెలువడినవి. 2002 నాటి పతాక నియమావళి ననుసరించి కాగితపు జెండాను నేలపై బారవేయరాదు, గౌరవముగ, ఏకాంతమున విసర్జింపవలెను. దానికంటిన కేకును గూర్చి నియమావళి యేమియు జెప్పలేదు. మేము పుస్తకమును జూచుచుండగనే గృహిణి తడిగుడ్డతో జెండాను దుడిచి, ఆరబెట్టి, పంచాంగములో నుంచినది. ముక్కను మా చిన్నది మరల నోట బెట్టుకొన్నది.