పురిటిలో శిశువునకు గలుగు దెబ్బలు

కొల్లేటి లంకలనుండి గర్భిణిని ఏలూరికో తాడేపల్లిగూడెమునకో చేర్చునప్పటికే నొప్పులు ముదురుట కలదు. భుజము చిక్కిన బిడ్డను లాగునపుడు మెడనరములు సాగి చేయి వ్రేలాడవచ్చును. గ్రహచారమని ఊరకుండరాదు. పెక్కుమందికి కొన్ని మాసములలో నెమ్మదించును. మూడవ మాసమునకును మోచేయి వంచలేనిచో నరముల నిపుణునకు జూపవలెను. మేము జూచినంతలో ఆలస్యమే పెద్ద చేటు.

ప్రతి దెబ్బయు వైద్యుని తప్పు కాదు. తప్పని తోచినచో మున్ముందు కాగితములు సంపాదింపుడు. కోరిన 72 గంటలలో చికిత్సాపత్రముల నకళ్లు వైద్యులు ఈయవలెనని 2002 నాటి నియమము. సొమ్ము పుచ్చుకొను ఆసుపత్రులు వినియోగదారుల చట్టమునకు లోబడునని సుప్రీంకోర్టు 1995లో తీర్పుచెప్పినది. ఏలూరులోని జిల్లా కమిషనునందు రెండేండ్లలోపల ఫిర్యాదు చేయవలెను. అందరికిని ఉచితముగా జూచు ఆసుపత్రిపైనైనచో సివిలు దావాయే మార్గము.