కారెంపూడి పాట కడలి దాటాలంటే

పల్నాటి వీరుల కథ తెలియని తెలుగువారు తక్కువ. దాన్ని పాడే పద్ధతి మాత్రం నరసరావుపేట దాటితే చాలామందికి తెలియదు. కార్తీక అమావాస్యకు కారెంపూడిలో మొదలయ్యే ఐదు రోజుల ఉత్సవంలో (రాచగావు, రాయబారం, మందపోరు, కోడిపోరు, కల్లిపాడు) వీరవిద్యావంతులు పంబ మోతకు కత్తి చేతబట్టి ఈ కథ పాడతారు.

ఇది విదేశీ పాఠకులకు ఏనాడో చేరింది. అమెరికా పరిశోధకుడు జీన్ రోఘైర్, అలిసెట్టి గాలెయ్య పాడిన కథను ఇంగ్లీషులోకి తెచ్చి, 1982లో ఆక్స్‌ఫర్డ్ నుండి ‘ది ఎపిక్ ఆఫ్ పల్నాడు’గా వెలువరించారు. శ్రీనాథుని పేరున్న ద్విపదను గాక గాయకుని నోటి మాటనే ఆధారం చేసుకోవడం ఆ పుస్తకానికి వన్నె. అయితే అచ్చులో పంబ మోగదు గదా!

అందుకే విదేశీ తెలుగు సభలకు ఈ పాటను తీసుకెళ్లదలచిన వారికి ఒక మాట. రెండు డాన్సుల మధ్య పది నిమిషాల అంశంగా కుదించి, బుర్రకథలా మార్చకండి. ఒక్క ఘట్టమే పూర్తిగా పాడించండి. బ్రహ్మనాయుడి చాపకూడు చాలు. అన్ని కులాలూ ఒకే చాపపై కూర్చుని తినడం ఎక్కడివారికైనా అర్థమవుతుంది. తెర మీద అర్థం చూపిస్తే మరీ మంచిది.

వీరవిద్యావంతులు సంప్రదాయంగా మాల కుటుంబాలవారు, మన సంఘాల్లో ఎందరికో బంధువులు. అయినా “గుడి పాట” అని మేమూ చాలాకాలం దూరంగానే నిలిచాం. వారికది ఆరాధన. కాబట్టి వేదిక మీద ఏది పాడవచ్చో, ఏది కూడదో వారే చెప్పాలి. విమానం టికెట్లు కూడా గాయకునికొక్కడికే కాదు, పంబ వాయించేవారికీ తీయాలి.