నారింజే కదా అనుకోవద్దు!

ఇటీవల మా ఓపీకి ముప్ఫై ఆరేళ్ల గృహిణి వచ్చారు. మూడు వారాలుగా గుండె దడ, చేతుల వణుకు, రాత్రిళ్లు నిద్ర పట్టకపోవడం. పల్స్ 118, బీపీ 150/96. థైరాయిడ్ పరీక్ష మామూలుగానే ఉంది. ఈసీజీలో వేగం తప్ప వేరే తేడా లేదు. ‘ఏమైనా మందులు వాడుతున్నారా?’ అంటే లేదన్నారు. పక్కనున్న భర్త మాత్రం ‘ఆ సన్నబడే క్యాప్సూళ్ల సంగతి చెప్పు’ అన్నారు. ‘అవి మందులు కాదండీ, నారింజతో చేసినవే’ అన్నది ఆవిడ జవాబు.

డబ్బా తెప్పించి చూస్తే చిన్న అక్షరాల్లో ‘సిట్రస్ ఆరంటియం ఎక్స్‌ట్రాక్ట్’ అని ఉంది. దాని కింద కెఫీన్. క్యాప్సూళ్లు ఆపించాం. రెండు వారాల్లో దడ తగ్గింది, బీపీ కూడా మామూలు స్థాయికి వచ్చింది.

సిట్రస్ ఆరంటియం అంటే చేదు నారింజ. మనం ఒలుచుకుని తినే కమలా కాదు. విదేశాల్లో దీంతో మార్మలేడ్ చేస్తారు. చైనాలో మాత్రం ఇది చాలా పాత కడుపు మందు.

చైనాలో ఎలా వాడతారు?

వేసవి మొదట్లో చెట్టు నుంచి రాలిన లేత పిందెలను సగానికి కోసి ఎండబెడతారు. దీన్ని ‘జిషి’ అంటారు. కాస్త పెరిగాక, ఇంకా పచ్చిగా ఉండగానే కోసి, గుజ్జు తీసి ఎండబెడితే అది ‘జిచియావో’. కడుపుబ్బరం, తిన్నది అరగక బరువుగా ఉండటం, మలబద్ధకం వంటి వాటికి వీటిని కషాయంలో వేస్తారు. కడుపులో ‘చి’ అనే ప్రాణశక్తి కదలిక నిలిచిపోతే ఉబ్బరం వస్తుందనీ, జిషి దాన్ని కదిలిస్తుందనీ వాళ్ల వైద్యం చెబుతుంది. సుమారు 1,800 ఏళ్ల కిందట జాంగ్ జోంగ్‌జింగ్ రాసిన ‘షాంగ్ హాన్ లున్’ గ్రంథంలోని తీవ్ర మలబద్ధకం మందులో కూడా రేవల్చిని వేరుతో పాటు జిషి ఉంది.

అక్కడి వైద్యులు దీన్ని ఒంటరిగా, నెలల తరబడి ఇవ్వరు. మనిషిని చూసి, ఇతర మూలికలతో కలిపి, సాధారణంగా రోజుకు 3 నుంచి 10 గ్రాముల ఎండు కాయను కషాయంగా ఇస్తారు. గర్భిణుల విషయంలో జాగ్రత్త అవసరమని వాళ్లే చెబుతారు.

ఈ కాయలో నారింజిన్ వంటి ఫ్లేవనాయిడ్లు ఉన్నాయి. పేగుల కదలికలపై వీటి ప్రభావం జంతువుల్లోనూ, ప్రయోగశాలల్లోనూ కనిపించింది. మనుషుల్లో మాత్రం ఒక్క ఈ కాయతోనే అజీర్తి నయమవుతుందని చెప్పేంత గట్టి ఆధారాలు లేవు.

కషాయం వేరు, క్యాప్సూల్ వేరు

చేదు నారింజలో ‘సినెఫ్రిన్’ అనే పదార్థం కూడా ఉంది. దాని నిర్మాణం ఎఫెడ్రిన్‌ను పోలి ఉంటుంది. అమెరికాలో ఎఫెడ్రా మూలికతో చేసిన సన్నబడే మాత్రలు గుండెపోటు, పక్షవాతం వంటి వాటికి దారితీస్తున్నాయని తేలడంతో 2004లో అక్కడి ప్రభుత్వం వాటిని నిషేధించింది. ఆ ఖాళీలోకి చేదు నారింజ వచ్చింది. కడుపు మందు కాస్తా కొవ్వు కరిగించే మందు అయింది.

బరువు నిజంగా తగ్గిస్తుందనడానికి నమ్మదగ్గ రుజువు లేదు. గుండె వేగం, బీపీ పెరిగిన సందర్భాలు మాత్రం ఉన్నాయి. కెఫీన్ కలిస్తే ప్రమాదం ఇంకా ఎక్కువ. రోజుకు నాలుగైదు కాఫీలు తాగేవారు ఈ సంగతి గుర్తుంచుకోవాలి.

మరో చిక్కు కూడా ఉంది. పేగుల్లో కొన్ని మందులను విరగ్గొట్టే ఎంజైమును చేదు నారింజ రసం అడ్డుకుంటుంది. దాంతో ఫెలోడిపిన్ వంటి బీపీ మందు రక్తంలోకి మోతాదుకు మించి చేరుతుంది. మన పంపర పనసకూ కొంత ఈ గుణం ఉంది. కిడ్నీ మార్పిడి తర్వాత వాడే మందులు తీసుకునేవారు దాన్ని తినేముందు డాక్టర్‌ని అడగాలి.

ఎవరు వాడకూడదు?

- బీపీ, గుండె జబ్బు, గుండె లయలో తేడా, థైరాయిడ్ ఎక్కువగా ఉన్నవారు
- గర్భిణులు, పాలిచ్చే తల్లులు
- డిప్రెషన్ మందులు, ముక్కుదిబ్బడ తగ్గించే మాత్రలు వాడేవారు
- ఆపరేషన్ చేయించుకోబోయేవారు

భోజనంలో నారింజ తొనలు తింటేనో, పులిహోరలో నిమ్మరసం పిండితేనో ఈ భయమేమీ లేదు. సమస్యంతా గాఢంగా తీసిన సారంతోనే.

మరి ఉబ్బరానికి ఏం చేయాలి?

రాత్రి భోజనం పడుకోవడానికి రెండు మూడు గంటల ముందే ముగించండి. నిదానంగా నమిలి తినండి. తిన్నాక పది నిమిషాలు నడవండి. ఏ పదార్థం తిన్నప్పుడు ఉబ్బరం వస్తోందో రెండు వారాలు రాసి పెట్టుకుంటే చాలాసార్లు కారణం మీకే దొరుకుతుంది. ఎప్పుడో ఒకసారి వాము, జీలకర్ర నీళ్లు తాగితే తప్పు లేదు.

కానీ యాభై దాటాక కొత్తగా అజీర్తి మొదలైనా, కారణం లేకుండా బరువు తగ్గుతున్నా, మలం నల్లగా వస్తున్నా, మింగడం కష్టమైనా, వాంతులు ఆగకపోయినా, రక్తహీనత ఉన్నా ఏ చిట్కాతోనూ కాలయాపన చేయొద్దు. ఎండోస్కోపీ అవసరం కావచ్చు. ‘గ్యాస్’ అనుకున్న నొప్పితో పాటు చెమటలు, ఆయాసం ఉంటే వెంటనే ఆసుపత్రికి వెళ్లి ఈసీజీ తీయించుకోండి.

ఈసారి డాక్టర్ దగ్గరికి వెళ్లేటప్పుడు మందుల చీటీతో పాటు ఇంట్లో వాడే పొడులు, టానిక్‌లు, క్యాప్సూళ్ల డబ్బాలనూ సంచిలో వేసుకెళ్లండి. మా పేషెంటుకు జబ్బు పేరు చెప్పింది రక్తపరీక్ష కాదు, ఆ డబ్బా మీది చిన్న అక్షరాలే.